వర్ధకం, లౌడుస్పీకరు: ‘పొంతన’ అనే మాటపై ఒక విమర్శ

హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట ఒక చిన్న పట్టణం. 2016 అక్టోబరు వరకు అది మహబూబ్‌నగరు జిల్లాలో ఉండేది. ఆ తరువాత వనపర్తి జిల్లాలో చేరింది. ఇటువంటి పట్టణాలలో ఇంటి సంగీత సాధనం ఒకే అంగడిలో, ఒకే పెట్టెగా కొన్నది కావడం అరుదు. పాత కారు స్టీరియో ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, ఎన్నడో మూలపడిన టేపురికార్డరు నుండి ఊడదీసిన స్పీకర్లు, రేడియో మెకానిక్కు బిగించి ఇచ్చిన ఆంప్లిఫయరు బోర్డు: ఇవన్నీ కలిస్తే ఆ ఇంటి సంగీతం. అలా కలిపే ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఆంప్లిఫయరు వెనుక ‘8 ఓములు’ అని వ్రాసి ఉన్నది. చేతిలోని స్పీకరు మీద ‘4 ఓములు’ అని ఉన్నది. తగిలించవచ్చునా, కూడదా?

ఈ ప్రశ్నకు సాధారణంగా మూడు సమాధానాలు వినవస్తాయి. “మ్యాచింగు కుదరలేదు, తగిలించకూడదు” అనేది మొదటిది. “ఏమీ కాదు, పాడినంతకాలం పాడుతుంది” అనేది రెండవది. మూడవది చదువుకున్నవారి సమాధానం: వర్ధకం అవరోధమూ స్పీకరు అవరోధమూ సమానమైనప్పుడే అత్యధిక సామర్థ్యం బదిలీ అవుతుంది కనుక రెండు అంకెలూ ఒకటిగా ఉండవలెను. ఈ మూడింటిలోను ఎక్కువ గౌరవం పొందుతున్నది మూడవదే. ఎక్కువ తప్పుగా ఉన్నదీ అదే. మొదటి రెండు సమాధానాలు అనుభవం మీద ఆధారపడినవి, వాటిలో పాక్షికంగానైనా నిజం ఉన్నది. మూడవది మాత్రం ఒక సరియైన సిద్ధాంతాన్ని తీసుకొని, దానికి సంబంధంలేని చోట అన్వయిస్తున్నది.

ఈ పొరపాటుకు సగం కారణం ‘మ్యాచింగ్’ అనే మాటే. దానిని తెలుగులో ‘పొంతన’ అంటున్నారు. పెండ్లి సంబంధానికి జాతకాల పొంతన చూచినట్లు, వర్ధకం మీది అంకెనూ స్పీకరు మీది అంకెనూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే చాలునన్న భావాన్ని ఆ మాట కలిగిస్తున్నది. నిజానికి ఆ రెండు అంకెలు ఒకే జాతికి చెందినవి కావు. స్పీకరు మీది 4 ఓములు దాని స్వంత అవరోధం. వర్ధకం మీది 8 ఓములు వర్ధకానికి చెందిన అవరోధమే కాదు. అది మోయగల భారానికి పెట్టిన హద్దు. ఎడ్లబండి మీద ‘10 బస్తాలు’ అని వ్రాస్తే, ఆ బండి బరువు 10 బస్తాలని ఎవరూ అనుకోరు.

ముందుగా సిద్ధాంతం సంగతి. గరిష్ఠ సామర్థ్య బదిలీ సిద్ధాంతాన్ని 1840 ప్రాంతంలో మోరిట్జ్ జాకోబీ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. 2 వోల్టుల విద్యుచ్ఛాలక బలం, 1 ఓము అంతర్నిరోధం గల విద్యుద్ఘటాన్ని తీసుకుంటే దాని భావం తేలికగా బోధపడుతుంది. బయట 1 ఓము నిరోధం కలిపితే 1 ఆంపియరు ప్రవహిస్తుంది. బయటి నిరోధంలో 1 వాటు, ఘటం లోపల 1 వాటు ఖర్చవుతాయి. బయట 9 ఓములు కలిపితే ప్రవాహం 0.2 ఆంపియరుకు తగ్గుతుంది; బయట 0.36 వాటు, లోపల 0.04 వాటు. మొదటి సందర్భంలో బయటికి అందిన సామర్థ్యం ఎక్కువ, కాని సగం లోపలే వ్యర్థమైనది. రెండవ సందర్భంలో అందినది తక్కువ, కాని దక్షత నూటికి 90. అత్యధిక సామర్థ్యం వేరు, అత్యధిక దక్షత వేరు.

ఈ భేదాన్ని గుర్తించడంలో జూల్ వంటి మహాశాస్త్రజ్ఞుడే పొరపడినాడు. బ్యాటరీతో నడిచే మోటారు దక్షత నూటికి 50 మించదని ఈ సిద్ధాంతం నుండి ఆయన గ్రహించినట్లు చరిత్రకారులు చెబుతారు. 1880 నాటికి ఎడిసన్ ప్రయోగశాలలో ఆయనా, ఆయన సహచరుడు ఫ్రాన్సిస్ అప్టన్ కలిసి ఈ భ్రమను తొలగించారు. డైనమో అంతర్నిరోధాన్ని దీపాల నిరోధానికి సమానం చేయనక్కరలేదని, దానిని వీలైనంత తగ్గించడమే మేలని వారు గ్రహించారు. అప్పటికి సిద్ధాంతం పుట్టి నలభై ఏండ్లు కావచ్చింది. అంతకాలం ఒక సరియైన సూత్రం తప్పు దారిలో నడిపించగలిగిందంటే, నేటి విద్యార్థి తికమక పడడంలో వింత లేదు.

కొత్తకోట విద్యార్థులకు దీనికి చక్కని ఉదాహరణ దగ్గరలోనే ఉన్నది. గద్వాల సమీపంలో కృష్ణానది మీద ప్రియదర్శిని జూరాల జలవిద్యుత్కేంద్రం ఉన్నది. 39 మెగావాట్ల యూనిట్లు 6, మొత్తం స్థాపిత సామర్థ్యం 234 మెగావాట్లు. అక్కడి ఇంజనీర్లు ‘పొంతన’ను పాటించి, జనరేటరు అంతర్నిరోధమూ ఊళ్ళలోని భారమూ సమానంగా ఉండేట్లు ఏర్పాటు చేశారని అనుకొందాం. అప్పుడు 234 మెగావాట్లు బయటికి పంపడానికి మరొక 234 మెగావాట్లు జనరేటర్ల తీగచుట్టలలోనే వేడిగా మారవలెను. ఆ చుట్టలు ఎంతసేపు నిలుస్తాయో చెప్పనక్కరలేదు. ప్రపంచంలో ఏ విద్యుత్కేంద్రమూ ఆ విధంగా నడవడం లేదు. ఇంటిలోని వర్ధకం కూడా ఒక చిన్న విద్యుత్కేంద్రమే. దాని వినియోగదారుడు స్పీకరు.

తర్కంలోని లోపం ఎక్కడున్నదో ఇప్పుడు స్పష్టంగా చూపవచ్చును. జాకోబీ సిద్ధాంతంలో జనకం నిరోధం స్థిరం. భారాన్ని ఎన్నుకునే స్వేచ్ఛ మనది. స్పీకరు విషయంలో పరిస్థితి తలక్రిందులు. భారం స్థిరం, ఎందుకంటే స్పీకరు ఇంట్లో ఉన్నదే. ఎన్నుకోవలసినది జనకాన్ని. భారం స్థిరంగా ఉన్నప్పుడు ఎంత అంతర్నిరోధం గల జనకం అత్యధిక సామర్థ్యాన్ని ఇస్తుందని అడిగితే సమాధానం ‘భారానికి సమానమైనది’ కాదు, ‘సున్న’. పై లెక్కలో బయట 9 ఓములు ఉంచి ఘటం అంతర్నిరోధాన్ని 9, 1, 0.1 ఓములుగా మార్చి చూస్తే ఏ విద్యార్థియైనా దీనిని రెండు నిమిషాలలో తేల్చుకోగలడు. సిద్ధాంతాన్ని చెప్పే పాఠంలో ఈ రెండవ ప్రశ్నను కూడా వెంటనే అడిగితే ఇంత గందరగోళం ఉండదు. చాలా తరగతులలో అడగడం లేదు. సూత్రం, నిరూపణ, ఒక లెక్క, అంతటితో పాఠం ముగుస్తున్నది.

నేటి ట్రాన్సిస్టరు వర్ధకాలు ఈ ‘సున్న’కు చాలా దగ్గరగా ఉంటాయి. 1927లో బెల్ ప్రయోగశాలకు చెందిన హెరాల్డ్ బ్లాక్ కనుగొన్న ఋణ పునర్నివేశం అనే పద్ధతి, అనగా నిర్గమంలో కొంత భాగాన్ని వ్యతిరేక దశలో మళ్ళీ ప్రవేశం వద్దకు పంపే పద్ధతి, ఇందుకు తోడ్పడుతున్నది. 8 ఓముల స్పీకరు కొరకు తయారుచేసిన వర్ధకం నిర్గమ అవరోధం 0.1 ఓము లేక అంతకంటె తక్కువ ఉండడం సామాన్యం. 8 ఎక్కడ, 0.1 ఎక్కడ? ‘పొంతన’ అసలే లేదు. లేకపోవడమే మంచిది.

మంచిది ఎందుకో తెలియడానికి స్పీకరు స్వభావాన్ని కొంచెం పరిశీలించవలసి ఉన్నది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు వెలువరించిన చలించే చుట్ట స్పీకరు నమూనాయే నేటికీ ఇళ్ళలో వాడుకలో ఉన్నది. అయస్కాంతం సందులో ఒక తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు. చుట్ట కదిలినప్పుడు దానిలోనే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. శంకువు సహజ పౌనఃపున్యం వద్ద కదలిక అత్యధికం, కనుక వ్యతిరేక బలమూ అత్యధికం, అవరోధమూ అత్యధికం. ‘4 ఓములు’ అని వ్రాసిన స్పీకరు 60 హెర్ట్జుల దగ్గర 20 ఓములు చూపవచ్చును. రెండు మూడు వందల హెర్ట్జుల వద్ద 4 ఓములకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఇంకా పైకి పోయేకొద్దీ చుట్ట స్వయంప్రేరకత్వం వలన మళ్ళీ పెరుగుతుంది. అందుచేత ‘4 ఓములు’ అనేది ఒక వక్రరేఖకు పెట్టిన ముద్దుపేరు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం స్పీకరు పనిచేసే పౌనఃపున్యాల మేరలో ఎక్కడా అవరోధం ముద్రించిన అంకెలో నూటికి 80 పాళ్ళకు తగ్గకూడదు. అంటే 4 ఓముల స్పీకరు 3.2 ఓముల వరకు, 8 ఓములది 6.4 ఓముల వరకు దిగవచ్చును. పైకి ఎంత పోయినా అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఈ స్పీకరుకు నిజంగా ‘పొంతన’ గల, అనగా 4 ఓముల నిర్గమ అవరోధం గల వర్ధకాన్ని జోడిస్తే ఏమవుతుంది? స్పీకరు అవరోధం 4 ఓములున్న స్వరాల వద్ద వోల్టేజిలో సగం మాత్రమే స్పీకరుకు చేరుతుంది. 20 ఓములున్న 60 హెర్ట్జుల వద్ద 24లో 20 వంతులు, అనగా నూటికి 83 చేరుతుంది. రెండింటికీ భేదం 4.4 డెసిబెల్. తబలా బాయా మోత ఒకచోట ఉబ్బి, గాయకుని కంఠం వెనుకబడుతుంది. పైగా శంకువు ఆగవలసిన చోట ఆగదు. చుట్టలో పుట్టిన వ్యతిరేక బలం తక్కువ నిరోధం గుండా ప్రవహించినప్పుడే శంకువుకు బ్రేకు పడుతుంది. అదే వర్ధకం అవరోధం 0.1 ఓము అయితే పై భేదం 0.2 డెసిబెల్‌కు మించదు. చెవికి తెలియనే తెలియదు. ఇంత స్పష్టమైన ప్రయోజనం ఉండగా ‘పొంతన’ కావాలనడం కోరి చెడగొట్టుకోవడమే.

కొందరు మెకానిక్కులు 4 ఓముల స్పీకరుకు శ్రేణిలో 4 ఓముల నిరోధాన్ని అతికి “8 ఓములు చేశాము” అంటారు. వారు చేసినది పైన చెప్పినదే. వర్ధకం చల్లగా ఉంటుంది, నిజమే. సగం సామర్థ్యం ఆ నిరోధంలో కాలిపోతుంది, ధ్వని స్వరూపం చెడుతుంది.

అయితే ‘పొంతన’ అనే మాటకు ఒకప్పుడు అర్థమున్నది. వాల్వు రేడియోల కాలంలో అది నిత్యావసరం. ఇ.ఎల్.84 అనే నిర్గమ వాల్వు సరిగా పనిచేయడానికి సుమారు 5,200 ఓముల భారం కావలెను; స్పీకరులో ఉన్నవి కొద్ది ఓములే. నడుమ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. చుట్ల నిష్పత్తికి వర్గం అవరోధాల నిష్పత్తి కనుక, 8 ఓముల స్పీకరుకు 5,200ను 8 చేత భాగించి వర్గమూలం తీస్తే సుమారు 25.5 వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు వెనుక 4, 8, 16 అని వేరువేరు కొసలు ఉండేవి; స్పీకరును బట్టి తీగ తగిలించేవారు. అయినా అప్పుడు కూడా అది సమానత్వం కాదన్న సంగతి గమనించదగినది. ఆ వాల్వు అంతర్నిరోధం సుమారు 40 వేల ఓములు, దానికిచ్చిన భారం 5,200. వక్రీభవించని ధ్వని, వాల్వు ఓర్చుకోగల వోల్టేజి, ప్రవాహం, వీటిని లెక్కించి ఎన్నుకున్న అంకె అది. జాకోబీ సిద్ధాంతానికి అక్కడా పని లేదు.

ఆ కాలపు జాగ్రత్తలు కూడా ఇప్పుడు తిరగబడినవి. వాల్వు వర్ధకానికి స్పీకరు ఊడిపోవడం ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి పెరిగి చుట్ట కాలిపోవచ్చును. ట్రాన్సిస్టరు వర్ధకానికి స్పీకరు లేకపోతే చింత లేదు. రెండు తీగలు ఒకదానికొకటి తగలడమే ప్రమాదం. పెద్దల దగ్గర పని నేర్చుకున్న మెకానిక్కు పాత సూత్రాన్ని కొత్త పెట్టెకు అన్వయిస్తే తప్పు అతనిది కాదు. మాట మారలేదు, యంత్రం మారిపోయింది.

అయితే 8 ఓములని వ్రాసిన వర్ధకానికి 4 ఓముల స్పీకరు తగిలిస్తే ఇబ్బందే లేదా? ఉన్నది. అది ప్రవాహానికీ వేడికీ సంబంధించినది. 20 వోల్టులిచ్చే వర్ధకం 8 ఓములలో 2.5 ఆంపియర్లు పంపి 50 వాట్లు ఇస్తుంది. 4 ఓములలో 5 ఆంపియర్లు, 100 వాట్లు. అటువంటివే రెండు స్పీకర్లను, ఒకటి పడకగదిలో, ఒకటి వసారాలో, ఒకే జత కొసలకు సమాంతరంగా కలిపితే 2 ఓములు, 10 ఆంపియర్లు, 200 వాట్లు. వర్ధకం తనంతట తాను ఆపుకోదు; ఓము నియమం అడిగినంత ప్రవాహాన్ని ఇవ్వబోతుంది. ఇవ్వలేనప్పుడు సరఫరా ట్రాన్స్‌ఫార్మరు కుంగిపోతుంది, తరంగం తలలు తెగిపోతాయి, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టి ఉంటే ట్రాన్సిస్టరే పోతుంది.

వేడి సంగతి ఇంకా ఆసక్తికరం. ధనాత్మకంగా 35, ఋణాత్మకంగా 35 వోల్టుల సరఫరాతో నడిచే బి తరగతి వర్ధకాన్ని తీసుకుందాం. శుద్ధ స్వరం వాయించినప్పుడు దాని నిర్గమ ట్రాన్సిస్టర్లలో పుట్టే అత్యధిక వేడి 8 ఓములకు 31 వాట్లు, 4 ఓములకు 62, 2 ఓములకు 124. ఈ అత్యధిక వేడి పూర్తి ధ్వని వద్ద పుట్టదు. అత్యధిక వోల్టేజిలో సుమారు మూడింట రెండు వంతుల వద్ద పుడుతుంది. అందువలన “గొంతు పూర్తిగా పెంచలేదు కదా, ఎందుకు కాలింది?” అని ఆశ్చర్యపడేవారికి ఇదే జవాబు. పాలమూరు ఎండాకాలంలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటినప్పుడు, చల్లార్చే అల్యూమినియం రెక్కల పని మరింత కష్టమవుతుంది. ఇటువంటి వేళలలో దాని మీద బట్ట కప్పడం దుమ్ము నుండి రక్షణ అనుకుంటారు. వర్ధకానికి అది దుప్పటి.

ఇదే లెక్క ఊరట కూడా ఇస్తున్నది. ఆ వర్ధకమే 4 ఓముల స్పీకరుకు 1 వాటు ఇస్తున్నప్పుడు పుట్టే వేడి 15 వాట్లకు లోపు. 4 వాట్లు ఇస్తున్నప్పుడు సుమారు 27 వాట్లు. 8 ఓముల కొరకు, 31 వాట్ల వేడిని భరించేట్లు చేసిన వర్ధకానికి ఇది హద్దులోపలే. 1 వాటుకు, 1 మీటరు దూరాన 88 డెసిబెల్ ఇచ్చే సాధారణ స్పీకరు 4 వాట్లతో 94 డెసిబెల్ ఇస్తుంది. నడిమి తరగతి ఇంటి గదిలో మాటలు వినబడకుండా చేయడానికి అది చాలును. కనుక మొదటి ప్రశ్నకు సమాధానం ఇట్లా చెప్పవలెను: 4 ఓముల స్పీకరు ఒక్కదానిని 8 ఓముల వర్ధకానికి తగిలించి ఇంటివరకు మితంగా వినవచ్చును, పెండ్లి పందిరికి వినిపించబోతే ప్రమాదం. అంకెల పొంతన ఇక్కడ ఏమీ నిర్ణయించడం లేదు. నిర్ణయించేది ధ్వనిని పెంచే చేయి.

విమర్శకు గురికావలసినవారు వర్ధకాలు తయారుచేసేవారు కూడా. పెట్టె వెనుక ‘8 ఓములు’ అని మాత్రమే వ్రాస్తే అది కనీసమా, ఉచితమా, సరిసమానమా అన్నది ఎవరికి తెలియాలి? ‘8 ఓములకు తక్కువ వద్దు’ అని వ్రాయడానికి పట్టే సిరా కొంచెమే. కొన్ని మంచి పెట్టెలమీద రెండు జతల స్పీకర్లకు వేరువేరుగా ‘ఒక జత అయితే 4 నుండి 16, రెండు జతలూ అయితే 8 నుండి 16’ అని ముద్రిస్తారు. రెండు 8 ఓములు సమాంతరంలో 4 అవుతాయి కనుక రెండు హద్దులూ నిజానికి ఒకటే. ఈ పద్ధతి శ్లాఘనీయం. ‘8 ఓములకు 50 వాట్లు, 4 ఓములకు 75’ అని రెండు అంకెలూ ఇవ్వడం ఇంకా మేలు. 4 ఓములకు 100 కాక 75 మాత్రమే వచ్చినదంటే సరఫరా ఎక్కడ అలసిపోతున్నదో కొనుగోలుదారు గ్రహించగలడు.

స్పీకరు తయారీదారుల లెక్కలలోనూ ఒక మెలిక ఉన్నది. స్పీకరు సున్నితత్వాన్ని 2.83 వోల్టులకు ఇంత డెసిబెల్ అని ప్రకటిస్తారు. 2.83 వోల్టులు 8 ఓములలో 1 వాటు; 4 ఓములలో 2 వాట్లు. అదే ధ్వని దక్షత గల రెండు స్పీకర్లలో 4 ఓములది కాగితం మీద 3 డెసిబెల్ మెరుగ్గా కనిపిస్తుంది. ఆ మెరుగు స్పీకరుది కాదు, వర్ధకం చెల్లించినది. ఇక 1990 దశకంలో టేపురికార్డర్ల మీద ముద్రించిన ‘పి.ఎం.పి.ఓ. 1000 వాట్లు’ వంటి అంకెల గురించి చర్చించడం కాలహరణం. 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరు 24 వాట్లకు మించి ఇవ్వదు. శక్తి నిత్యత్వ నియమం ప్రకటనలకు లొంగదు.

4 ఓముల స్పీకర్లు అసలు ఎందుకు పుట్టాయి? కారు బ్యాటరీ వోల్టేజి తక్కువ కావడమే ముఖ్య కారణం. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ 14.4 వోల్టులిస్తుందనుకుంటే, ఒంటరి నిర్గమం 4 ఓములకు 6.5 వాట్లకు మించి ఇవ్వలేదు, 8 ఓములకైతే 3.2 వాట్లే. వోల్టేజి పెంచే వీలు లేనప్పుడు అవరోధం తగ్గించి ప్రవాహం పెంచుకోవడమే మిగిలిన మార్గం. లేదా రెండు వర్ధకాలను స్పీకరుకు చెరొక కొసన పెట్టి ఎదురెదురు దశలలో నడపాలి. వంతెన పద్ధతి అనే ఈ ఏర్పాటులో వోల్టేజి రెట్టింపై 4 ఓములలో సుమారు 26 వాట్లు వస్తాయి. కాని ఇందులో ప్రతి వర్ధకానికీ స్పీకరు సగం అవరోధమే కనిపిస్తుంది. 4 ఓముల స్పీకరు 2 ఓములైనట్లు లెక్క. కొత్తకోట వంటి ఊళ్ళలో పాత కారు స్టీరియోను ఇంటిలో వాడేవారు దీనిని మరువరాదు. ఆ స్టీరియోలలో సాధారణంగా వంతెన పద్ధతియే ఉంటుంది. దాని ఒక్కొక్క జత కొసలకు రెండేసి స్పీకర్లు సమాంతరంగా కలపకూడదు. స్పీకరు తీగలలో ఏ ఒక్కదానినీ పెట్టె లోహానికి తగిలించకూడదు.

తక్కువ అవరోధానికి అసలైన శత్రువు తీగ. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ 10 మీటర్ల దూరానికి, రాకపోకలు కలిపి 20 మీటర్లు, 0.34 ఓము నిరోధం చూపుతుంది. 8 ఓముల స్పీకరుకు ఇది నూటికి 4 వంతులు, 4 ఓములకు 8 వంతులు. ఇంటి లోపల దీనిని సహించవచ్చును. అర చదరపు మిల్లీమీటరు గంటతీగ వాడితే రెట్టింపు. వేలు ఖర్చు పెట్టి తక్కువ అవరోధం గల వర్ధకాన్ని కొని, సన్నతీగతో ఆ గుణాన్ని పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు. కురుమూర్తి జాతర వంటి చోట దూరాలు వందల మీటర్లు. 300 మీటర్ల దూరానికి అదే తీగ 10 ఓములు దాటుతుంది. 8 ఓముల హారన్‌ను నేరుగా కలిపితే పంపిన దానిలో సగానికి పైగా దారిలోనే పోతుంది. అందుకే మైకుసెట్లవారు 100 వోల్టుల లైను వాడుతారు. 20 వాట్ల హారన్ ట్రాన్స్‌ఫార్మరుతో కలిసి లైనుకు 500 ఓములుగా కనిపిస్తుంది, నష్టం నూటికి 2. జూరాల నుండి విద్యుత్తు ఎక్కువ వోల్టేజితో ఊళ్ళకు పోవడమూ, మైకు ధ్వని హారన్లకు పోవడమూ ఒకే సూత్రం.

నిజమైన పొంతన, అనగా రెండు అవరోధాల సమానత్వం, అవసరమైన చోట్లు లేకపోలేదు. టెలివిజను ఏరియల్ నుండి వచ్చే తీగ 75 ఓములదైతే పెట్టె ప్రవేశం కూడా 75 ఓములే ఉండవలెను. లేకుంటే తరంగం పరావర్తనం చెంది బొమ్మకు నీడ పడుతుంది. అక్కడ తరంగదైర్ఘ్యం తీగ పొడవుతో పోల్చదగినది. ధ్వని పౌనఃపున్యాలలో అత్యధికమైన 20,000 హెర్ట్జుల వద్ద కూడా తీగలో తరంగదైర్ఘ్యం 10 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇంటి గదిలో ఆ పరావర్తనానికి చోటు లేదు.

కొత్తగా వచ్చిన డి తరగతి వర్ధకాలు ఈ వాదానికి ఒక చిన్న సవరణ కోరుతున్నాయి. వాటి దక్షత నూటికి 90 ప్రాంతం కనుక వేడి సమస్య చాలావరకు తగ్గింది. ప్రవాహపు హద్దు మాత్రం అట్లాగే ఉన్నది. వాటి నిర్గమం వద్ద ప్రేరకం, కెపాసిటరు కలిసిన వడపోత ఒకటి ఉంటుంది. చవక బోర్డులలో ఆ వడపోతను ఒకే భారానికి, ఉదాహరణకు 4 ఓములకు, లెక్కగట్టి పెడతారు. భారం అంతకంటె తగ్గితే పై స్వరాలు మందగిస్తాయి, పెరిగితే ఉబ్బుతాయి. ఇక్కడ ‘దీనికి ఇది తగును’ అన్న మాటకు కొంత చోటున్నది. అది కూడా సమానత్వం కాదు.

ఇంకొక అతిశయం గురించి ఒక మాట. తక్కువ అవరోధం ఉన్నత నాణ్యతకు గుర్తని ఒక వర్గం నమ్ముతున్నది. 1980 దశకంలో అమెరికాలో అపోజీ సంస్థ తయారుచేసిన సింటిల్లా అనే రిబ్బను స్పీకరు అవరోధం 1 ఓము. అది గొప్ప స్పీకరే కావచ్చును, కాని దానిని నడపగల వర్ధకాలు వేళ్ళమీద లెక్కించదగినవి. లోహపు రిబ్బను నిరోధం సహజంగా తక్కువ కావడం వలన ఆ అంకె వచ్చింది. దానిని గుణంగా కాక వెలగా భావించవలెను.

ఈ విషయాన్ని పాఠశాలలో ప్రయోగంగా చూపడం కష్టం కాదు. వనపర్తిలో పాత సంస్థానపు రాజభవనంలో వెలసిన పాలిటెక్నిక్‌లో ఆసిలోస్కోపు ఉండవచ్చును; ఉన్నత పాఠశాలకు అది అవసరం లేదు. 2 వోల్టుల ఏ.సి. కొలత గల మల్టీమీటరు ఒకటి చాలును. మరీ చవక మీటర్లలో ఏ.సి. కొలత 200 వోల్టుల నుండి మొదలవుతుంది, అవి పనికిరావు. సెల్‌ఫోను నుండి 200 హెర్ట్జుల స్వరాన్ని వర్ధకానికి ఇచ్చి, స్పీకరు తీసివేసి, నిర్గమం 1.8 వోల్టులు వచ్చేట్లు సరిచేయవలెను. తరువాత 10 ఓముల, 10 వాట్ల నిరోధాన్ని కొసలకు కలపాలి. వోల్టేజి 1.764కు దిగిందనుకుంటే, 0.036ను 1.764 చేత భాగించి 10 చేత గుణిస్తే 0.2 ఓము. అదే వర్ధకం నిర్గమ అవరోధం. ‘8 ఓములు’ అని వెనుక వ్రాసి ఉన్న పెట్టెలో 8 ఓములు ఎక్కడా లేవని విద్యార్థి స్వయంగా చూస్తాడు.

రెండవ ప్రయోగంలో 100 ఓముల నిరోధాన్నీ స్పీకరునూ శ్రేణిలో కలిపి, 40 నుండి 400 హెర్ట్జుల వరకు 20 హెర్ట్జులకు ఒకసారి రెండింటి మీది వోల్టేజిలనూ కొలవాలి. చవక మీటర్లు అంతకు పైన నమ్మదగినవి కావు. స్పీకరు వోల్టేజిని నిరోధం వోల్టేజిచే భాగించి 100 చేత గుణిస్తే ఆ పౌనఃపున్యం వద్ద అవరోధం వస్తుంది. నిరోధం మీద 1.5, స్పీకరు మీద 0.12 వోల్టు ఉంటే 8 ఓములు. గ్రాఫు కాగితం మీద గుర్తించితే ఒక శిఖరం, దాని తరువాత ఒక పల్లం కనిపిస్తాయి. స్పీకరును చేతితో మెల్లగా నొక్కిపట్టి శిఖరం వద్ద మళ్ళీ కొలిస్తే అవరోధం పడిపోతుంది. కదలిక ఆగగానే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలమూ ఆగిందన్నమాట. పల్లం దగ్గరి అంకెను స్పీకరు మీద ముద్రించిన అంకెతో పోల్చి, అది నూటికి 80 పాళ్ళకు పైన ఉన్నదో లేదో చూడవచ్చును. వర్ధకం వెనుక వ్రాసిన హద్దుతో పోల్చవలసినది కూడా ఆ పల్లాన్నే.